పెరటి పనికి తగిన పనిముట్టు

(మహిళల కోసం చేసిన రేడియో ప్రసంగ పాఠం)



వంటింట్లోకి ఏ చిన్న వస్తువు కొన్నా మనం ఎంతో పరీక్షగా చూస్తాం. పెనం కొంటే అడుగు మందం చూస్తాం. బిందె కొంటే వేలితో కొట్టి మోగించి మరీ తీసుకుంటాం. కత్తిపీట కొంటే పదును చూడందే డబ్బు ఇవ్వం. అదే పెరట్లోకి పార కావలసి వచ్చిందనుకోండి, "ఏదో ఒకటి పట్టుకురండి" అని మగవాళ్ళతో చెప్పి ఊరుకుంటాం. వారు తమ చేతికి బాగున్నది తెస్తారు. ఆ తరువాత ఆ పార పట్టుకుని పాదులు చేసేది, కలుపు తీసేది మనం! నాలుగు రోజులయ్యేసరికి నడుం పట్టేస్తుంది, అరచేతిలో బొబ్బలెక్కుతాయి. "ఈ తోటపని మన వల్ల కాదమ్మా" అని మానేస్తాం. వేసిన బెండా, వంగా కలుపులో కలిసిపోతాయి. ఇందులో తప్పు మన ఒంటిదీ కాదు, మొక్కలదీ కాదు. చేతికి సరిపడని పనిముట్టుది.

అందుకని ఈవేళ పెరటికి కావలసిన పనిముట్లను ఎలా ఎంచుకోవాలో, ఎలా కాపాడుకోవాలో చెప్పుకుందాం. పెద్ద పెరడు ఉన్నవారికీ, ఇంటి ముందు కాస్త పచ్చిక పెంచుకున్నవారికీ, మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకున్నవారికీ కూడా ఇది పనికివస్తుంది.

కొనడానికి ముందు మీ నేల ఎలాంటిదో చూసుకోవాలి. హైదరాబాదులో చాలా చోట్ల ఎర్రటి మొరం నేల. పార వేస్తే ఖణేల్మని రాయి తగులుతుంది. అక్కడ వెడల్పాటి పార ముందు దిగదు. మొన దేలిన చిన్న గునపంతో నేల వదులు చేసి, ఆ తరువాత పారతో మట్టి తియ్యాలి. కృష్ణా డెల్టాలో నల్లమట్టి. తడిగా ఉంటే పారకు ముద్దలా అంటుకుంటుంది, ఎండితే రాయిలా బిగుస్తుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళలో ఇసుక కలిసిన నేల. అక్కడ చిన్న పార ఒక్కటి ఉంటే చాలు, గునపంతో పనే లేదు. మరి అందరికీ ఒకటే సెట్టు ఎలా సరిపోతుంది చెప్పండి?

ఇంకొక సంగతి. మన భాషలో పదును అనే మాట కత్తికీ వాడతాం, నేలకీ వాడతాం. రెండు పదునులూ కలిస్తేనే పని తేలిక. నేల పదును చూడడం కష్టమేమీ కాదు. గుప్పెడు మట్టి తీసి ఉండలా నొక్కండి. ఆ ఉండను నడుం ఎత్తు నుంచి కిందికి వదలండి. చితికి పొడిపొడిగా విడిపోతే నేల పదును మీద ఉన్నట్టు. ముద్దగానే ఉండిపోతే ఇంకా తడి ఎక్కువ, రెండు రోజులు ఆగాలి. అసలు ఉండే కట్టకపోతే ముందురోజు సాయంత్రం నీళ్ళు పెట్టి, మర్నాడు పొద్దున తవ్వాలి. ఎండి బిగిసిన నేలను పట్టుదలకు పోయి తవ్వితే పార కామైనా విరుగుతుంది, మన నడుమైనా పట్టుకుంటుంది.

ఇక పనిముట్లు. ఈ రోజుల్లో రంగురంగుల పెట్టెలో అయిదో, ఎనిమిదో పనిముట్లు సర్ది సెట్టుగా అమ్ముతున్నారు. ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకోవడమూ సులువైపోయింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కాని చాలా సెట్లలో రేకు పలచన. గట్టి మట్టిలో ఒక్కసారి గుచ్చితే మెడ దగ్గర వంగిపోతుంది. పైగా ఎనిమిదింటిలో మూడు కూడా వాడం. అందుకని సెట్టు మాట పక్కన పెట్టి, ముందు నాలుగే నాలుగు కొనుక్కోండి: కలుపు తీయడానికి బొరిగె, పాదులు చేయడానికి చిన్న పార, కొమ్మలు కత్తిరించే కత్తెర, నీళ్ళు పోసే పూల డబ్బా. రాతి నేల అయితే చిన్న గునపం ఒకటి అదనం. మిగతావి అవసరం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. కుండీలు మాత్రమే ఉన్నవారికి బొరిగె, కత్తెర, డబ్బా చాలు.

బొరిగె అనేది ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరుతో దొరుకుతుంది. హైదరాబాదు బజారులో ఖుర్పీ అని అడిగితే ఇస్తారు. ఇది కమ్మరి చేసిందయితే మరీ మంచిది. లారీల కింద ఉండే కమాను పట్టీ ఇనుముతో చేసిన బొరిగెలూ, కొడవళ్ళూ కొందరు కమ్మరుల దగ్గర దొరుకుతాయి. ఆ ఉక్కు గట్టిది, పదును నిలుస్తుంది. మామూలు రేకుతో చేసినదయితే వారానికే అంచు మొద్దుబారుతుంది. కొనేటప్పుడు అలుగును పిడిలో ఎలా దిగ్గొట్టారో చూడండి. రోకలికి పొన్ను ఉంటుంది చూశారా, అలాగే పిడి మొదట్లో ఇనుప పొన్ను బిగించి ఉండాలి. అది లేకపోతే నాలుగు రోజుల్లో కర్ర చీలి అలుగు ఊడుతుంది. అలుగును ఒక చేత్తో, పిడిని ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ మెలితిప్పి చూడండి. ఏ మాత్రం కదిలినా వద్దనండి. మొహమాటం అక్కర్లేదు.

పిడి మన చేతికి సరిపోవడం అన్నిటికన్నా ముఖ్యం. పిడిని గుప్పిట పట్టుకోండి. బొటనవేలి కొస వచ్చి మధ్యవేలి కొసను తాకాలి. తాకకపోతే ఆ పిడి మీకు లావు. లావు పిడిని జారకుండా పట్టుకోవడానికి చెయ్యి పొద్దస్తమానం బిగబట్టాల్సి వస్తుంది. రాత్రికి మణికట్టు నొప్పి అందుకే. మరీ సన్నమైనా గుప్పిట బిగిసిపోతుంది. పిడి మీద వేళ్ళకోసం గాళ్ళు చెక్కి ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి కాని, ఆ గాళ్ళు మన వేళ్ళకు సరిపోకపోతే వాటి గట్లు గుచ్చుకుంటాయి. నున్నటి సాదా పిడి మేలు.

పార విషయంలో బరువూ, కామ పొడవూ చూడాలి. కూలి పని చేసే పెద్ద పార ఒకటిన్నర నుంచి రెండు కిలోలదాకా తూగుతుంది. దాన్ని అరగంటలో వందసార్లు ఎత్తామంటే నూటయాభై, రెండువందల కిలోలు ఎత్తినట్టు! ఇంటిపనికి కిలో లోపు ఉన్న చిన్న పార చాలు. ఒక్క దెబ్బకు తక్కువ మట్టి వస్తుంది, రానివ్వండి, ఇంకో రెండు దెబ్బలు వేద్దాం. ఇక కామ. మన పారలకు కామ పొట్టిగా ఉంటుంది కనుక వంగే పని చెయ్యాలి. నిలబడి కలుపు గీకుకోవాలంటే పొడవు కామ ఉన్న దోకుడుపార లాంటిది చేయించుకోండి. కామను నేలమీద నిలబెడితే మీ గుండెల ఎత్తుదాకా రావాలి. మామగారి గుండెల ఎత్తు కాదు సుమండీ, మీ గుండెల ఎత్తు! కామకు తుమ్మ కర్ర గట్టిది. కర్రలో గీతలు ఈ చివరినుంచి ఆ చివరికి నిలువుగా సాగి ఉండాలి. నడుమ ముడి ఉంటే అక్కడే విరుగుతుంది.

మనకు సరిపోయే కొలత అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. భోపాల్‌లో 1976లో ఏర్పడిన కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ పొలం పనులు చేసే స్త్రీల శరీర కొలతలు తీసుకుని, వాటిని బట్టి పనిముట్లు రూపొందించింది. పొలంలో ఆడవాళ్ళకు వేరే కొలత అవసరమని శాస్త్రజ్ఞులే ఒప్పుకున్నప్పుడు, పెరట్లో మనకు అవసరం కాదా? ఊళ్ళో కమ్మరి, వడ్రంగి ఉన్నంతకాలం ఈ కొలత మార్పించుకోవడం కష్టమూ కాదు.

ఇప్పుడు కత్తెర. గులాబీ కొమ్మల్ని వంటింటి చాకుతోనో, చేత్తో విరిచో తీస్తుంటాం. విరిచిన చోట పీచు లేచి, ఆ గాయంలోంచి కొమ్మ ఎండుకుంటూ కిందికి వస్తుంది. కొమ్మల కత్తెరల్లో రెండు రకాలున్నాయి. ఒకదానిలో రెండు అలుగులూ బట్టల కత్తెరలాగా ఒకదాని పక్కనుంచి ఒకటి జారుతాయి. రెండో రకంలో ఒక అలుగు వచ్చి చదునైన దిమ్మ మీద పడుతుంది, కూరగాయల పీట మీద చాకు పడ్డట్టు. పచ్చి కొమ్మలకు మొదటి రకమే కొనాలి. రెండోది పచ్చికొమ్మను నలిపేస్తుంది, ఎండు పుల్లలకే బాగుంటుంది. ఇంట్లో ఒకటే కొనేమాటయితే మొదటి రకం కొనండి. మీ బొటనవేలి లావు వరకే కత్తెరతో కొయ్యండి. అంతకన్నా లావయితే చిన్న రంపం వాడాలి. కత్తెరను మెలితిప్పి బలవంతాన కోస్తే కొమ్మ తెగదు సరికదా, కత్తెర నట్టు వదులవుతుంది. గులాబీకి బయటివైపు చూసే మొగ్గకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కొయ్యాలి.

కత్తెర గురించి ఇంకొక్క మాట. తెగులు పట్టిన మొక్కను కోసిన అలుగుతోనే మంచి మొక్కను కోస్తే తెగులు అంటుకుంటుంది. అందుకని ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకు వెళ్ళేముందు స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో అలుగు తుడవాలి. తోటమాలి మీ ఇంటికి వస్తుంటే అతను పది ఇళ్ళు తిరిగి వస్తాడు కదా. కత్తెర మటుకు మీ ఇంటిదే ఇచ్చి వాడమనండి. అతని పనితనానికి ఇది తక్కువేమీ కాదు, మీ చెట్టుకు రక్ష. కారణం చెబితే అతనే మెచ్చుకుంటాడు.

నీళ్ళ డబ్బా. పది లీటర్ల డబ్బా నిండితే నీళ్ళ బరువే పది కిలోలు. ఒక చేత్తో అంత బరువు మోస్తూ ఒక పక్కకు ఒరిగి నడిస్తే నడుముకు మంచిది కాదు. అయిదు లీటర్ల డబ్బాలు రెండు కొని, రెండు చేతులా పట్టుకుంటే బరువు సమంగా పడుతుంది. మేడ మెట్లు ఎక్కేవాళ్ళు ఒక్క అయిదు లీటర్లే మోసుకుని, రెండో చేత్తో కమ్మీ పట్టుకోండి. డబ్బా మూతికి ఉండే జల్లెడ ఊడదీయడానికి వీలుగా ఉండాలి, లేకపోతే నాచు, నలకలు అడ్డుపడినప్పుడు కడగలేం. పని అయ్యాక డబ్బాలో నీళ్ళు ఉంచకండి, బోర్లించండి. డెంగ్యూ తెచ్చే దోమ ఇలా నిలవ ఉన్న మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. వారం, పదిరోజుల్లో అవి దోమలై లేస్తాయి. కుండీల కింది పళ్ళేలు కూడా వారానికొకసారి ఒంపి, రుద్ది కడగాలి.

ఇక ఇంటి ముందు పచ్చిక పెంచుకున్నవారి సంగతి. పచ్చిక కోసే చక్రాల యంత్రానికి ఇంగ్లండులో స్ట్రౌడ్ అనే ఊరి దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన 1830లో పేటెంటు పొందాడు. ఉన్నిబట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి ఆయన దీన్ని తయారుచేశాడు. ఇప్పటికీ చేత్తో తోసే యంత్రం పద్ధతి అదే. తిరిగే అలుగులు కింద ఉన్న కదలని అలుగుకు రాసుకుంటూ కత్తెరలాగా గడ్డిని కోస్తాయి.

అయితే మీకు ఆ యంత్రం కావాలా, అక్కర్లేదా? పది, పదిహేను చదరపు గజాల పచ్చికయితే గడ్డి కత్తెర చాలు. అంతకు మించి, వంద గజాల లోపు అయితే పన్నెండు అంగుళాల వెడల్పున్న తోపుడు యంత్రం సరిపోతుంది. కరెంటూ వద్దు, పెట్రోలూ వద్దు. దుకాణంలో ఒక పరీక్ష చెయ్యండి. అలుగుల మధ్య కాగితం ముక్క పెట్టి, వేళ్ళు దూరంగా ఉంచి, చక్రాన్ని మెల్లిగా తిప్పించండి. ఈ చివరినుంచి ఆ చివరిదాకా అన్నిచోట్లా కాగితం శుభ్రంగా తెగాలి. నలిగితే అలుగు సరిగా కూర్చోలేదన్నమాట. గడ్డి ఎంత ఎత్తున కొయ్యాలో మార్చుకునే వీలుందా అని కూడా చూడండి.

గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒకేసారి కొయ్యకూడదు. మూడు అంగుళాలు ఎదిగితే ఒక అంగుళం తియ్యాలి. "మళ్ళీ మళ్ళీ ఎవరు కోస్తారు" అని మొదలంటా గీకేస్తే వేళ్ళు బలహీనపడి పచ్చిక ఎండుతుంది, ఖాళీల్లో కలుపు లేస్తుంది. తడిగడ్డి కొయ్యకండి. కోసిన మర్నాడు గడ్డి కొసలు తెల్లబడి చివికినట్టు కనిపిస్తే అలుగు మొద్దుబారిందని గుర్తు.

అపార్టుమెంట్లలో ఉన్నవాళ్ళకూ, ఒకే వీధిలో పచ్చిక ఉన్న నాలుగిళ్ళవాళ్ళకూ ఒక సలహా. ఇంటికొక యంత్రం ఎందుకు? నలుగురూ కలిసి మంచిది ఒకటి కొనుక్కోండి. వారానికి గంట వాడే వస్తువు మిగతా రోజులన్నీ మూలన తుప్పు పట్టడం దేనికి? ఎవరు ఏ రోజు వాడాలో, సాన ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలో ముందే కాగితం మీద రాసుకుంటే స్నేహాలూ నిలుస్తాయి.

కరెంటుతో నడిచే యంత్రమే కొనాలనుకుంటే జాగ్రత్తలు ఎక్కువ. షాకు తగిలితే ప్రాణం మీదికి రాకముందే కరెంటు ఆపేసే ఆర్.సి.సి.బి. అనే మీట మీ ఇంట్లో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. అది 30 మిల్లీ ఆంపియర్లది అయి ఉండాలి. తీగ ఎప్పుడూ మీ వెనక ఉండాలి, యంత్రానికి ముందు కాదు. గడ్డి ఇరుక్కుంటే ముందు ప్లగ్గు పీకి, ఆ తరువాతే చెయ్యి పెట్టాలి. మీట ఆపాం కదా అని చెయ్యి పెట్టకూడదు. కొయ్యబోయే ముందు రాళ్ళు, మేకులు, పిల్లల ఆటవస్తువులు ఏరెయ్యాలి. తిరిగే అలుగు చిన్న రాయినైనా తూటాలాగా విసురుతుంది. పిల్లల్ని లోపల ఉంచి, కళ్ళకు అద్దాలు, కాళ్ళకు మూసిన జోళ్ళు వేసుకోండి. చీర కుచ్చెళ్ళు, పైట ఎగదోపడం చాలదు, ఆ కాసేపూ చుడీదారు వేసుకోవడం మంచిది. రబ్బరు చెప్పులతో మాత్రం వద్దు.

చేతి పనిముట్లతోనూ దెబ్బలు తగులుతాయి. ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవి మట్టిలోనే ఉంటుంది. తుప్పు ఒక్కటే ప్రమాదం అనుకుంటాం కాని, మట్టి అంటిన ముల్లు లోతుగా గుచ్చుకున్నా ప్రమాదమే. చిన్నపిల్లలకు వేయించడం, కడుపుతో ఉన్నప్పుడు వేయించుకోవడం గుర్తుంటుంది, తరువాత మరిచిపోతాం. పదేళ్ళకొకసారి ఆ టీకా మళ్ళీ వేయించుకోవాలి. గాయమయితే సబ్బూ నీళ్ళతో బాగా కడిగి డాక్టరుకు చూపించండి. పసుపు అద్ది ఊరుకోకండి. ఒత్తుగా పెరిగిన గడ్డిలో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి, అలికిడి చేసి మరీ పెట్టాలి. కూర్చుని చేసే పనికి చిన్న పీట వాడండి, మోకాళ్ళ మీద చేసేటప్పుడు గోనెసంచి మడతపెట్టి కింద వేసుకోండి. అరగంటకొకసారి పని మార్చాలి. కాసేపు కలుపు, కాసేపు నీళ్ళు, కాసేపు కత్తిరింపు.

మంచి పనిముట్టు కొన్నాక దాన్ని నిలుపుకోవాలి. వంట అయ్యాక గిన్నెలు తోముకున్నట్టే, పని అయ్యాక పనిముట్టు మట్టి వదిలించి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి పెట్టాలి. పాత బకెట్టులో పొడి ఇసుక పోసి, అందులో కాస్త కొబ్బరినూనె కలిపి ఉంచుకోండి. బొరిగెనూ, పారనూ అందులో నాలుగుసార్లు గుచ్చి తీస్తే మట్టీ పోతుంది, నూనె పూతా పడుతుంది. వాడేసిన బండి ఆయిలు మాత్రం వద్దు, అది మన కూరమొక్కల మట్టిలోకే చేరుతుంది. కర్ర కామలకు ఏడాదికొకసారి అవిసె నూనె పట్టిస్తే పగలవు. ఆకురాయి ఒకటి కొనుక్కుంటే బొరిగెకు మనమే పదును పెట్టుకోవచ్చు. ఏటవాలు ఉన్న వైపునే, ఎప్పుడూ ఒకే దిక్కుకు రుద్దాలి. కత్తెరకూ, గడ్డి యంత్రానికీ మాత్రం సాన పట్టేవారి చెయ్యి కావాలి. గోడకు మేకులు కొట్టి, పిల్లలకు అందని ఎత్తులో, మొనలు గోడవైపు ఉండేట్టు తగిలించండి. కామలకు ఎర్రరంగు పట్టీ వేస్తే గడ్డిలో పడినా కనిపిస్తాయి.

దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు మగవారి స్కూటరూ, కారూ కడిగి కుంకుమ పెడతాం. ఈసారి బొరిగె, పార, కత్తెర కూడా దించండి. తుప్పు వదిలించి, పదును పెట్టించి, వదులైన పిడి బిగించి అప్పుడు పెట్టండి కుంకుమ. వానలు వెనకబట్టి తోటపని ఊపందుకునే రోజులవి. పూజా అవుతుంది, పనీ అవుతుంది.

చివరిగా ఒక్క మాట. ఇంట్లో డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు మనకోసం మనం కొనుక్కునేవి చివరికి పోతాయి. పార కూడా అలాంటిదే, "ఉన్నదానితో సరిపెట్టుకుందాం" అనిపిస్తుంది. కాని రోజూ ఆ పనిముట్టు పట్టేది మన చెయ్యి. ఆ చెయ్యే వండుతుంది, ఉతుకుతుంది, పిల్లల్ని ఎత్తుకుంటుంది. దాన్ని కాపాడుకోవడం దుబారా కాదు. ఈసారి పనిముట్టు కొనేటప్పుడు మీరే బజారుకు వెళ్ళండి, మీ గుప్పిట పట్టి చూడండి, ఎత్తి చూడండి, మెలితిప్పి చూడండి. నచ్చకపోతే పక్క దుకాణానికి వెళ్ళండి. బిందెను మోగించి కొనడం మనకెవరూ నేర్పలేదు, ఇదీ అంతే.